రైల్వేస్టేషన్ ఎలా పెరిగిందో ప్లాట్‌ఫారం మీదే చదవడం ఎలా

ఊళ్లోని పాత రైల్వేస్టేషన్ చరిత్ర రాయాలనుకునేవాళ్లు చాలామంది ముందుగా ముఖద్వారం ఫొటో తీస్తారు. దాన్ని చివరికి వదిలేసినా నష్టం లేదు. స్టేషన్‌లో అన్నిటికంటే తొందరగా మారేది ముఖభాగమే. రంగు మారుతుంది, పోర్టికో మారుతుంది, ఒక్కోసారి భవనమే పోతుంది. సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణం కోసం పాత ప్రధాన భవనాన్ని 2025లో కూల్చేశారు. అయినా ఆ స్టేషన్ ఏ దిక్కు నుంచి మొదలై ఏ దిక్కుకు పెరిగిందో యార్డులో (లైన్లన్నీ పరుచుకున్న ఆవరణలో) ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. లైన్ల వంపులు, పక్క లైన్లలో మిగిలిన పాత పట్టాలు, ప్లాట్‌ఫారం ఎత్తు పెంచినప్పుడు నేలలో కూరుకుపోయిన స్తంభాల పాదాలు భవనం కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. కాబట్టి చూపు అటు పెట్టాలి.

ఈ పని వాయిదా వేయదగ్గది కాదు. అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న ఒక్క రోజే 508 స్టేషన్ల పనులకు శంకుస్థాపన జరిగింది. పనులు మొదలయ్యాక మొదట పోయేవి పాత రేకుల షెడ్లు, పట్టా ముక్కలతో నిలబెట్టిన స్తంభాలు, మూలన పడున్న తూకం యంత్రాలు. ఎవరూ లెక్కలోకి తీసుకోనివీ, మనకు బాగా పనికొచ్చేవీ అవే.

ముందు తేదీలు విడదీయాలి

"ఈ స్టేషన్ ఎప్పుడు కట్టారు?" అనే ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. కనీసం నాలుగు తేదీలుంటాయి: లైను తెరిచిన తేదీ, స్టేషన్ తెరిచిన తేదీ, ఇప్పుడున్న భవనం కట్టిన తేదీ, రెండో లైను కలిసి జంక్షన్ అయిన తేదీ. పత్రికల్లో, బోర్డుల మీద ఈ నాలుగూ కలిసిపోతుంటాయి. నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గడులు గీసుకుని, దొరికిన ప్రతి సంవత్సరాన్నీ ఏ గడిలో వేయాలో తేల్చుకున్నాకే రాయండి. తేలకపోతే పక్కన వేరే గడిలో ఉంచండి.

సికింద్రాబాద్‌నే చూడండి. బొంబాయి–మద్రాసు మార్గంలో ఉన్న వాడి నుంచి నిజాం పెట్టుబడితో వేసిన లైను 1874లో ఇక్కడికి చేరింది. హైదరాబాద్ నగరం కంటే కంటోన్మెంట్ అవసరం ముందు నిలిచింది కాబట్టే పెద్ద స్టేషన్ ఇక్కడ పడింది. నాంపల్లి స్టేషన్ 1907లో గానీ రాలేదు. 1874లో సికింద్రాబాద్ లైనుకు చివర. అదే లైను తూర్పుకు సాగి 1889లో బెజవాడ (విజయవాడ) చేరాక దారిలోని స్టేషన్ అయింది. 1900 ప్రాంతంలో మన్మాడ్ వైపు గోదావరి లోయ మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఎడం తక్కువున్న లైను) రావడంతో రెండు గేజ్‌ల జంక్షన్ అయింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి కేంద్ర కార్యాలయం ఇక్కడికి వచ్చింది. 2003 ఆగస్టు 9న ఎం.ఎం.టి.ఎస్. (నగరంలోని లోకల్ రైళ్లు) మొదలైంది. 2017లో ఒకటి, 2020లో ఇంకొకటి మెట్రో స్టేషన్లు పక్కన లేచాయి. 2023 ఏప్రిల్ 8న ఇప్పటి పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. ఇందులో ప్రతి తేదీకీ యార్డులో ఒక పొర ఉంటుంది. ఆ పొరను వెతికి పట్టుకోవడమే ఇక్కడి పని.

ఇంట్లో కూర్చుని చేయాల్సింది

స్టేషన్‌కు వెళ్లకముందు ఉపగ్రహ చిత్రం తెరవండి. స్టేషన్ నుంచి బయటికి వెళ్లే ప్రతి లైనునూ నాలుగైదు కిలోమీటర్ల దూరం వేలితో పట్టుకుని పోండి. ఏ లైను తిన్నగా పోతుంది, ఏది వంపు తిరిగి వచ్చి కలుస్తుంది అన్నది మొదట గమనించాలి. సాధారణంగా తిన్నగా పోయేది పాతది, వంగి వచ్చి కలిసేది తర్వాతది. ఇది సూత్రం కాదు, అనుమానానికి మొదటి ఆధారం మాత్రమే. తర్వాత వచ్చిన లైనుకు ఎక్కువ రైళ్లు పడితే యార్డునే దానికి అనుకూలంగా తిప్పేసిన చోట్లు ఉన్నాయి.

సికింద్రాబాద్‌లో పడమటి కొస నుంచి వెళ్లేది బేగంపేట మీదుగా వాడి లైను. మిగతావన్నీ తూర్పు కొసన విడిపోతాయి: మౌలాలి మీదుగా కాజీపేటకు, మల్కాజిగిరి–బొల్లారం మీదుగా నిజామాబాద్ వైపు, సీతాఫల్‌మండి మీదుగా కాచిగూడకు. ఒక కొస ఖాళీగా, ఒక కొస కిక్కిరిసి ఉందంటే ఆ స్టేషన్ ఏ వైపు నుంచి మొదలైందో ఊహించవచ్చు. రైళ్లు ఔటర్‌లో (స్టేషన్‌కు కాస్త ముందు) ఎందుకు ఆగిపోతాయో కూడా అక్కడే అర్థమవుతుంది. ఎన్ని ప్లాట్‌ఫారాలు కట్టినా గొంతు దగ్గర, అంటే లైన్లన్నీ ఇరుకుగా కలిసే చోట, రైళ్లు ఒకదాని దారికి ఇంకొకటి అడ్డం వస్తే ఆగక తప్పదు. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభించి కొన్ని రైళ్లను అటు మళ్లించడం వెనక ఈ ఇరుకు ఉంది.

బెజవాడ ఇంకా మంచి పాఠం. 1888లో గుంటూరు వైపు నుంచి సదరన్ మరాఠా రైల్వే మీటర్ గేజ్, 1889లో నిజాం లైను, 1893 నుంచి తూర్పు తీర రైల్వే, 1899లో మద్రాసు లైను. పదకొండేళ్లలో నాలుగు దిక్కుల నుంచి వేర్వేరు యాజమాన్యాల లైన్లు ఒక్కచోట కలిశాయి. ఉపగ్రహ చిత్రంలో ఈ నాలుగింటినీ నాలుగు రంగుల్లో గీసి చూస్తే యార్డు ఎందుకలా వంకరగా ఉందో సగం తెలిసిపోతుంది.

చిత్రంలో ఇంకొకటి వెతకాలి: లైను లేకపోయినా లైనులా వంగిన వీధి లేదా ఇళ్ల వరుస. ఊళ్లో రోడ్లు చటుక్కున మలుపు తిరుగుతాయి, రైలు మార్గం అలా తిరగలేదు. అరకిలోమీటరు పొడవున మెల్లగా వంగిన సన్నని ఖాళీ స్థలం కనిపిస్తే అది ఎత్తేసిన సైడింగో (పక్క లైనో), పాత మీటర్ గేజ్ దారో కావచ్చు. 1992లో లైన్లను బ్రాడ్ గేజ్‌కు (వెడల్పు లైనుకు) మార్చే యూనిగేజ్ కార్యక్రమం మొదలయ్యాక ఇలాంటివి చాలా మిగిలాయి.

స్టేషన్‌లో

కావాల్సినవి: ప్లాట్‌ఫారం టికెట్ (10 రూపాయలు, 2 గంటలు చెల్లుతుంది), 5 మీటర్ల టేపు, చిన్న టార్చి, నోట్‌బుక్, ఫోన్. పట్టాల మీదకు దిగకూడదు. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా 1000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దిగాల్సిన అవసరమూ లేదు, కింద చెప్పినవన్నీ ప్లాట్‌ఫారం మీద నుంచే కనిపిస్తాయి. స్టాండు పెట్టి పెద్ద కెమెరాతో తీయాలంటే ముందే అనుమతి తీసుకోండి. సిగ్నల్ క్యాబిన్ లోపలి భాగాలు, భద్రతా పోస్టులు తీయవద్దు.

ప్లాట్‌ఫారం కొస నుంచి మొదలుపెట్టి మధ్యకు నడవండి. కొసలు కొత్తవి, మధ్య పాతది. ఎందుకంటే రైళ్లు పొడవవుతున్న కొద్దీ ప్లాట్‌ఫారాన్ని రెండు కొసలా పొడిగించుకుంటూ పోయారు. 24 ఎల్.హెచ్.బి. (కొత్త రకం) పెట్టెల రైలుకు ఇంజనుతో కలిపి సుమారు 600 మీటర్లు కావాలి. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇంత పొడవు రైళ్లు లేవు. నేల మీద ఫలకాల రకం మారిన చోటు, అంచు రాతి బదులు కాంక్రీటు మొదలైన చోటు, పైకప్పు ఆగిన చోటు గుర్తుపెట్టుకోండి. ఒక్కో మార్పు ఒక్కో పొడిగింపు.

కొలవడానికి టేపు సాయం చాలదు. రైలు ఆగి ఉంటే ఎర్రటి ఎల్.హెచ్.బి. పెట్టె సుమారు 24 మీటర్లు, నీలం ఐ.సి.ఎఫ్. (పాత రకం) పెట్టె సుమారు 22 మీటర్లు అని లెక్కేయండి. రైలు లేకపోతే స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలు) లెక్కపెట్టండి. కిలోమీటరుకు 1660 వేసిన లైనులో రెండు స్లీపర్ల మధ్య దూరం దాదాపు 60 సెంటీమీటర్లు, 1540 వేసినచోట 65. ముందు ఒక పది స్లీపర్ల దూరాన్ని ప్లాట్‌ఫారం అంచున టేపుతో కొలిచి ఏ రకమో తేల్చుకోండి. పట్టాల మధ్య మొత్తం కాంక్రీటు పోసిన వాషబుల్ ఆప్రాన్ లైన్లలో స్లీపర్లు కనబడవు. అక్కడ పైకప్పు స్తంభాల మధ్య దూరం కొలిచి స్తంభాల సంఖ్యతో గుణించడమే దారి. స్తంభాల దూరం మధ్యలో హఠాత్తుగా మారితే కప్పు రెండు విడతల్లో వేశారన్నమాట.

ఇప్పుడు ఎత్తు చూడండి. బ్రాడ్ గేజ్‌లో ఎత్తైన ప్లాట్‌ఫారం పట్టా పైభాగం నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఉంటుంది. పాత రోజుల్లో చాలాచోట్ల ప్లాట్‌ఫారం పట్టాల మట్టంలోనో, 455 మిల్లీమీటర్ల లోపో ఉండేది. తర్వాత ఎత్తు పెంచారు. భవనాన్ని మాత్రం ఎత్తలేరు కదా. అందుకే పాత గదుల్లోకి ప్లాట్‌ఫారం నుంచి మెట్టు దిగి వెళ్లాల్సి వస్తే, కిటికీ గట్టు మోకాలి ఎత్తులో ఉంటే, పోత ఇనుప స్తంభానికి కింద ఉండాల్సిన నగిషీ పాదం కనపడక స్తంభం నేలలోంచి మొలిచినట్టుంటే, ఆ గదులూ స్తంభాలూ ప్లాట్‌ఫారం పెంచకముందువి. మామూలు ఎత్తులో కిటికీలున్న గది తర్వాతది. వర్షం వస్తే ఏ గదిలోకి నీళ్లు వెళతాయో పోర్టర్లను అడగండి. పాత గదుల జాబితా దాదాపు అదే.

పట్టా మీది అక్షరాలు

అన్నిటికంటే నమ్మదగిన ఆధారం ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. పట్టా నిలువు భాగం మీద కర్మాగారంలో కాల్చి సాగదీసేటప్పుడే ఉబ్బెత్తు అక్షరాలు పడతాయి: పట్టా రకం, ఉక్కు తరగతి, తయారీ సంస్థ గుర్తు, తయారైన నెల, సంవత్సరం. ఎదురుగా ఉన్న పట్టా మీద టార్చి వెలుగు నేరుగా కాకుండా ఏటవాలుగా పడేలా పట్టుకుంటే తుప్పులో కలిసిపోయిన అక్షరాలు కూడా నీడల వల్ల తేలతాయి. ఫొటో కూడా అలాగే తీయాలి. ఫ్లాష్ వేస్తే అక్షరాలు చదునైపోతాయి.

రకం చదవడం కష్టం కాదు. 52, 60 అంటే మీటరుకు దాదాపు అన్ని కిలోల బరువు. ఆర్ అక్షరంతో ఉండే 90, 75, 60 మాత్రం గజానికి పౌండ్లలో బరువు. అంటే 90 ఆర్ మీటరుకు సుమారు 44.6 కిలోలు, 60 ఆర్ 30 కిలోల లోపు. ఈ రెండు 60లను కలిపేసి "ఇక్కడ అప్పట్లోనే బరువైన పట్టాలు వేశారు" అని రాసేయడం తరచూ జరిగే పొరపాటు. 60 ఆర్ తేలికది, మీటర్ గేజ్‌లో బాగా వాడింది.

ప్రధాన లైనులో పాత పట్టా దొరకదు. నిర్ణీత టన్నేజీ (పైన నడిచిన రైళ్ల మొత్తం బరువు) దాటగానే మార్చేస్తారు. పాతవి వెతకాల్సింది సైడింగుల్లో, బఫర్ స్టాపుల్లో (లైను చివరి అడ్డుల్లో), కంచె గుంజల్లో, షెడ్ల స్తంభాల్లో, పాదచారుల వంతెన మెట్ల కింద. పైనా కిందా ఒకేలా లావుగా ఉండే రెండు తలల పట్టా కంచెగా నిలబెట్టి ఉంటే అది చాలా పాతది. అలాంటి పట్టాలను పోత ఇనుప కుర్చీల్లో (పట్టాను పట్టి ఉంచే దిమ్మెల్లో) బిగించి వాడిన కాలం పోయి చాలా ఏళ్లయింది.

ఇక్కడే జాగ్రత్త. పట్టా మీద 1898 అని ఉంటే షెడ్డు 1898లో వేశారని కాదు. పట్టా లైనులో పాతికేళ్లో ముప్ఫయ్యేళ్లో పనిచేసి, తీసేశాక స్తంభమై ఉంటుంది. ఆ సంవత్సరం చెప్పేది ఒక్కటే: షెడ్డు అంతకంటే ముందుది కాదు. ఒకే షెడ్డులో ఎన్ని స్తంభాలుంటే అన్నీ చదివి, అందులో అతి కొత్త సంవత్సరాన్ని పట్టుకోండి. కట్టడం దాని తర్వాతే.

సంస్థ అక్షరాలు, రాళ్లు, ఫసలీ

బెంచీలు, ఇనుప పెట్టెలు, గంటలు, తూకం యంత్రాల మీద పోతపోసిన అక్షరాలు కాలాన్ని చక్కగా బిగిస్తాయి. హైదరాబాద్ ప్రాంతంలో ఎన్.జి.ఎస్.ఆర్. (నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే) అంటే 1930కి ముందు గ్యారంటీ కంపెనీ కాలం. ఎన్.ఎస్.ఆర్. (నిజాంస్ స్టేట్ రైల్వే) అంటే నిజాం ప్రభుత్వమే నడిపిన 1930 నుంచి 1951 దాకా. ఆ పైన 1966 దాకా సి.ఆర్., అంటే సెంట్రల్ రైల్వే. బెజవాడ వైపు 1908 తర్వాత ఎం.ఎస్.ఎం.ఆర్. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే), 1951 నుంచి 1966 దాకా ఎస్.ఆర్. (సదరన్ రైల్వే) కనిపిస్తాయి. 1966 తర్వాత రెండు చోట్లా ఎస్.సి.ఆర్., అంటే దక్షిణ మధ్య రైల్వే. బెంచీ ఊళ్లు తిరుగుతుంది కాబట్టి నేలలో పాతిన వస్తువుకు ఇచ్చినంత విలువ దానికి ఇవ్వొద్దు.

నిజాం రాజ్యంలోని రాళ్ల మీద, కాగితాల మీద ఫసలీ (పన్నుల లెక్కలకు వాడిన) సంవత్సరాలుంటాయి. హైదరాబాద్ ఫసలీకి 590 కలిపితే, అది ఏ క్రీస్తుశకం అక్టోబర్‌లో మొదలైందో ఆ సంవత్సరం వస్తుంది. 1325 ఫసలీ అంటే 1915 అక్టోబర్ నుంచి 1916 అక్టోబర్ దాకా. కాచిగూడ భవనం 1916ది, కాబట్టి దాని కాగితాలు వెతికేవాళ్లు 1324, 1325, 1326 మూడూ చూడాలి. హిజ్రీ వేరు. అది చాంద్రమానం కాబట్టి ఒకే సంఖ్య కలిపితే సరిపోదు, పట్టిక చూసుకోవాల్సిందే. ఖర్చుల లెక్కల్లో హాలీ (నిజాం) రూపాయి, కల్దార్ (బ్రిటిష్) రూపాయి తేడా కూడా ఉంది. సుమారుగా 7 హాలీలకు 6 కల్దార్లు. 70,000 హాలీ అంటే 60,000 కల్దార్. ఏ రూపాయో చూడకుండా రెండు స్టేషన్ల ఖర్చు పోల్చితే ఏడో వంతు తేడా ఊరికే వస్తుంది.

పాత నక్షాల్లో దూరాలు మైళ్లు, చైన్లలో ఉంటాయి. మైలుకు 80 చైన్లు, చైనుకు 66 అడుగులు, అంటే 20.1 మీటర్లు. 12 మైళ్ల 40 చైన్లను 12.40 మైళ్లు అని రాసుకుంటే తప్పు. అది 12.5.

కాగితాలు

రైల్వే బోర్డు, పాత కంపెనీల వార్షిక నివేదికల్లో ఏ భాగం ఏ తేదీన తెరిచారో ఉంటుంది. లైను గడికి అవే ఆధారం. భవనం గడికి మాత్రం డివిజన్ ఇంజనీరింగ్ కార్యాలయంలోని నక్షాలు కావాలి. నక్షా మూలన మార్పుల పట్టిక ఉంటుంది: ఏ సంవత్సరం ఏ గది కలిపారు, ఏ గోడ తీశారు. ఒక్క నక్షా దొరికితే పది ఊహల అవసరం తప్పుతుంది.

అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు, నకలు పేజీకి 2 రూపాయలు. "స్టేషన్ చరిత్ర ఇవ్వండి" అని అడిగితే "అలాంటి రికార్డు లేదు" అని వస్తుంది, అది న్యాయమైన జవాబే. ఉన్న కాగితాన్ని పేరుతో అడగాలి: స్టేషన్ భవనం నక్షా, ప్లాట్‌ఫారం పొడిగింపు పని పూర్తయినట్టు చూపే నక్షా, పాదచారుల వంతెన నిర్మాణ సంవత్సరం. నకళ్ల బదులు చూసుకునే అవకాశం కోరితే ఇంకా మేలు. మొదటి గంటకు రుసుము లేదు, ఆపైన గంటకు 5 రూపాయలు. యార్డు సిగ్నల్ చిత్రాలు అడగొద్దు. భద్రత కారణంతో తిరస్కరిస్తారు, దానితో మిగతా దరఖాస్తు కూడా నలుగుతుంది.

రిటైరైన పాయింట్స్‌మన్లు, కీమాన్లు, గ్యాంగ్‌మన్లు (లైన్లు మార్చే, పట్టాలు చూసుకునే సిబ్బంది) మంచి సాక్షులు. వాళ్లని సంవత్సరాలు అడగొద్దు. "మీరు చేరినప్పుడు లీవర్ల క్యాబిన్ ఉందా, బటన్ల ప్యానెల్ వచ్చిందా?", "ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం ఎక్కడుండేది?", "మీటర్ గేజ్ బండి ఏ వైపు ఆగేది?" అని అడగండి. చేరిన సంవత్సరం, రిటైరైన సంవత్సరం పెన్షన్ కాగితంలో ఉంటాయి. ఆ రెండిటి మధ్య జవాబులు వాటంతట అవే సర్దుకుంటాయి.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ప్లాట్‌ఫారం నంబర్లే మొదటి గుంట. పాత కాగితంలోని 3వ నంబరు ఇప్పటి 3 కాకపోవచ్చు. కొత్త ప్లాట్‌ఫారం కట్టినప్పుడు, రెండోవైపు ద్వారం తెరిచినప్పుడు నంబర్లు మారిపోతాయి. నోట్సులో నంబరు కాకుండా దిక్కు, పక్కనున్న వీధి పేరు రాయండి. సికింద్రాబాద్‌లో అయితే "భోయిగూడ వైపు చివరిది" అనాలి.

గేజ్ మార్పిడి రెండోది. మీటర్ గేజ్ పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్‌కు 1676. పెట్టెలూ వెడల్పే. మార్చినప్పుడు ప్లాట్‌ఫారం అంచు కోయడమో, లైను జరపడమో చేశారు. అంచు రాళ్లు కొత్తగా ఉన్నాయని ప్లాట్‌ఫారమే కొత్తదనుకోవద్దు. వెనక గోడ, చెట్లు, మరుగుదొడ్ల పునాది చూడాలి.

నది దాటే లైన్లకు వంతెన ఇంకో గడియారం. రాజమండ్రిలో 1900 నాటి హేవలాక్ వంతెన 1997లో పని మానేసింది. 1974 నాటి రోడ్డు–రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన వేర్వేరు వరసల్లో గోదావరి దాటుతాయి. వంతెన మారితే దానికి చేరే లైనూ జరుగుతుంది, స్టేషన్ కొసలో కనిపించే వంపు దాని వల్లే అయుండవచ్చు.

చివరి పటం

ఒక పెద్ద కాగితం మీద ఇప్పటి యార్డు గీసి, దాని మీద ట్రేసింగ్ కాగితాలు కాలం వారీగా వేయండి: సికింద్రాబాద్ అయితే 1874, 1889, 1900 ప్రాంతం, 1966, 2003, 2023. కంటితో చూసినదాన్ని నిండు గీతతో, కాగితంలో మాత్రమే దొరికినదాన్ని తెగి తెగి ఉండే గీతతో, ఊహను చుక్కలతో గీయండి. ప్రతి గీతకూ ఒక నంబరిచ్చి, అదే నంబరును ఫొటో ఫైలు పేరులో పెట్టండి. ఫైలు పేరులో స్టేషన్ కోడు, తీసిన తేదీ, ఏ దిక్కు చూస్తూ తీశారో ఉండాలి. ఎక్కడ నిలబడి ఎటు చూశారో రాయని ఫొటో, భవనం పోయిన మర్నాడు ఎవరికీ ఉపయోగపడదు.